ట్యూన్ కాపీ అనేముందు స్వరాలు చూడండి

సంపాదకుడి గారికి నమస్కారం.

కొత్త సినిమా పాట వచ్చిన రెండో రోజుకే "ఇది ఫలానా ఇంగ్లిష్ పాటకి కాపీ" అని మీ సినిమా పేజీలో బాక్స్ కట్టి వేసేస్తున్నారు. రెండు పాటల్లోంచి పదేసి సెకన్లు కత్తిరించి పక్కపక్కన పెట్టిన వీడియో ఒకటి ఎక్కడో తిరుగుతుంటుంది, అదే మీకు వార్త. కాపీలు లేవని నేననను, బోలెడున్నాయి, ఇంటర్‌లూడ్‌తో సహా దించేసినవీ ఉన్నాయి. కానీ వినడానికి ఒకలా ఉన్న ప్రతిదీ దొంగసొత్తు అయిపోదు కదా.

లెడ్ జెప్లిన్ అనే బ్రిటిష్ రాక్ బ్యాండు 1971లో తెచ్చిన 'స్టెయిర్‌వే టు హెవెన్' సంగతే తీసుకోండి. దాని మొదటి గిటార్ బిట్ 1968లో స్పిరిట్ అనే బ్యాండు విడుదల చేసిన 'టారస్' నుంచి ఎత్తేశారని 2014లో అమెరికాలో కేసు పడింది. విడివిడిగా పది సెకన్లు వింటే మీరైనా నేనైనా "అరె, నిజమే" అంటాం. 2016లో లాస్ ఏంజెలెస్ జ్యూరీ మాత్రం, లెడ్ జెప్లిన్ వాళ్లకి 'టారస్' తెలిసే అవకాశం ఉంది గానీ రెండింటికీ చట్టం చెప్పేంత పోలిక లేదని తేల్చింది. మధ్యలో అప్పీలు కోర్టు ఆ తీర్పు కొట్టేసింది, మళ్లీ 2020లో అదే కోర్టు పెద్ద బెంచి దాన్నే నిలబెట్టింది, ఆ ఏడాదే అమెరికా సుప్రీంకోర్టు కేసు తీసుకోనంది.

కలిసిన ముక్క ఏమిటంటే, కింది తీగ మీద స్వరం ఒక్కో మెట్టే దిగడం. వాళ్లు 'ఎ' (A) అనే స్వరాన్ని మన షడ్జమం అనుకుంటే స, కాకలి ని, కైశికి ని, చతుశ్రుతి ద, శుద్ధ ద. మన మేళకర్తల్లో (ఏడు స్వరాల మూల రాగాల్లో) రెండు నిషాదాలు (ని), రెండు ధైవతాలు (ద) ఇలా వరసగా ఒకే రాగంలో రావు కాబట్టి మన చెవికి అది కొత్తగా, ఎవరి దగ్గరో కొట్టేసినట్టుగా తోస్తుంది. వాళ్లకది పాత చింతకాయ పచ్చడి. 17వ శతాబ్దంలో హెన్రీ పర్సెల్ ఒపేరా 'డిడో అండ్ ఏనియస్' చివర డిడో ఏడ్చే పాటకి కిందంతా ఇలా దిగే స్వరాలే. 1964 నాటి 'మేరీ పాపిన్స్' సినిమాలోనూ ఇలాంటి పాటుందని కోర్టులోనే చెప్పారు. మోహన రాగం ఆరోహణ (స్వరాలు ఎక్కే వరస) నాదే అని మనలో ఎవరైనా కేసు వేస్తే ఎలా ఉంటుంది?

మరి లెడ్ జెప్లిన్ గిటారిస్టు జిమ్మీ పేజ్ సొంతంగా చేసిందేమిటి? గిటార్ చేతిలో ఉంటే వాయించి చూడండి, కింది స్వరం దిగుతుంటే పైన స రి గ అని ఎక్కుతుంటుంది. ఒకటి దిగడం, ఒకటి ఎక్కడం, రెండూ ఒకే చేతిలో. 'టారస్'లో ఆ ఎక్కే వరస లేదు. అసలు 'స్టెయిర్‌వే' పాటంతా ఆ ఎక్కుడే. ముందు ఒక్క గిటార్, దానికి తోడు అదే బ్యాండులోని జాన్ పాల్ జోన్స్ వాయించిన రికార్డర్లు (టేపు రికార్డర్ అనుకునేరు, ఇది నిలువుగా పట్టుకుని ఊదే చెక్క పిల్లనగ్రోవి), డ్రమ్స్ కోసం నాలుగు నిమిషాలు దాటేదాకా ఆగాల్సిందే. ఎనిమిది నిమిషాల పాటలో సగం అయిపోయాక డ్రమ్మర్ వస్తే ఇవాళ్టి నిర్మాత ఊరుకుంటాడా! పైగా వేగం పెరుగుతూ పోతుంది. మన దగ్గర కాలప్రమాణం జారితే గురువుగారు తాళం ఆపేసి మళ్లీ మొదటికి తెస్తారు, ఇక్కడ జారడమే పాట. ఆఖర్లో ఎలక్ట్రిక్ గిటార్ సోలో స్వరాలు పలికి చూస్తే చాలావరకు మన శుద్ధ ధన్యాసి రాగానివే, మధ్యమధ్య శుద్ధ ధైవతం తగులుతుంది. అంతమాత్రాన పేజ్ శుద్ధ ధన్యాసి కాపీ కొట్టాడని మీరు హెడ్డింగు పెట్టరనుకుంటాను.

ఇంకో తమాషా. విచారణలో జ్యూరీ 'టారస్' రికార్డు విని పోల్చుకోవడానికే వీల్లేదన్నాడు జడ్జి. 'టారస్' వచ్చిన నాటి అమెరికా చట్టం ప్రకారం కాపీరైట్ ఆఫీసులో దాఖలు చేసిన నొటేషన్ కాగితానికే రక్షణ, అందులో ఎంత ఉంటే అంత. మన 1957 కాపీరైట్ చట్టంలో కూడా 1994 సవరణ దాకా సంగీతం రాతలో ఉంటేనే లెక్క. ఇప్పుడా షరతు పోయింది. కానీ బాణీ ఎవరి సొంతం, స్వరాల వరస ఎవరి సొంతం అన్న తగువు తీరలేదు, తీరేది కూడా కాదు.

అందుకే అడుగుతున్నా, ఈసారి అలాంటి వార్త వేసేటప్పుడు ఏ చరణంలో ఏ స్వరాలు కలిశాయో రెండు లైన్లు రాయండి. కలిసింది శ్రుతా, తాళమా, పల్లవి బాణీయా, ఉత్త గిటార్ మోతా? దానికి పెద్ద నిపుణులేం అక్కర్లేదు, మా వీధి చివర వీణ చెప్పే టీచరమ్మగారు ఒక్కసారి విని పది నిమిషాల్లో కాగితం మీద పెట్టేస్తారు.

ఇట్లు,
మీ పాత పాఠకుడు, రాజమండ్రి