ఈ ఏడాది మా చీరలు ఏ ఊళ్లకు వస్తున్నాయంటే

అందరికీ నమస్కారం. సంక్రాంతి వెళ్లిన దగ్గర్నుంచి సియాటిల్ వాళ్లు, బే ఏరియా (శాన్‌ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల) వాళ్లు "మా ఊరెప్పుడు?" అని అడుగుతూనే ఉన్నారు. ఈ ఏడాది ఆ రెండు చోట్లకీ రావడం లేదు. కారణం దాచకుండా చెబుతాను.

మేముండే డాలస్ నుంచి చీరలతో వ్యాన్‌లో వెళ్లగలిగిన ఊళ్లే అమ్మకాలకు పెట్టుకున్నాం. విమానంలో సూట్‌కేసుకి 50 పౌండ్లు దాటకూడదు. జరీ పట్టుచీరలు బరువు, ఎన్ని సర్దినా టేబుల్ మీద పరిచేసరికి కొన్నే కనిపిస్తాయి. పైగా 2025 ఆగస్టు 29 నుంచి అమెరికాకు వచ్చే 800 డాలర్ల లోపు పార్సెళ్లకు సుంకం మినహాయింపు ఎత్తేశారు. గద్వాల, ఉప్పాడ నేతవాళ్ల దగ్గర్నుంచి కొద్దికొద్దిగా తెప్పించుకునే మాకు అది గట్టి దెబ్బే. ఆ భారం కొంత ఇప్పటికే ధరలో పడింది. దానిమీద విమాన టికెట్ల ఖర్చు కూడా మీ నెత్తిన వేయడానికి నాకు మనసొప్పలేదు.

ఉగాదికి ముందు హ్యూస్టన్. మే నెలలో కాన్సస్ సిటీ, అట్నుంచటే సెయింట్ లూయిస్. శ్రావణమాసానికి నెల ముందే అట్లాంటా, షార్లెట్. వరలక్ష్మీ వ్రతానికి బ్లౌజు కుట్టించుకునే వ్యవధి ఉండాలి కదా. షికాగో వైపు అరోరా, నేపర్‌విల్ దసరా ముందే. మంచు మొదలయ్యాక సరుకుతో అంత దూరం బండి నడపలేం.

ఇంట్లో చర్చంతా న్యూజెర్సీలోని ఎడిసన్ ఊరి గురించే. అక్కడ బట్టల మీద సేల్స్ ట్యాక్స్ లేదు, ఇక్కడ డాలస్‌లో 8.25 శాతం. కొనేవాళ్లకు అది చిన్న తేడా కాదు. కానీ ఇక్కడి నుంచి దాదాపు 1500 మైళ్లు. ఎలాగూ షార్లెట్ దాకా వెళ్తున్నాం, ఇంకో రోజు నడిపితే చేరతాం అని మావారు పట్టుబట్టారు. సరే అన్నాను.

ఆన్‌లైన్‌లోనే అమ్మొచ్చుగా అంటారు. పడుగు (నిలువు దారం) ఒక రంగు, పేక (అడ్డ దారం) ఇంకో రంగు వేసి నేసిన నెమలికంఠం చీర మడత మడతకీ రంగు మారుతుంది. ఫోన్‌లో అందులో ఏదో ఒక్క రంగే కనిపిస్తుంది. చేత్తో పట్టుకుని, భుజం మీద వేసుకుని చూడాల్సిందే. అందుకే ఊళ్లు తిరగడం మానను.

సియాటిల్, బే ఏరియా వాళ్లకు ఈ ఏడాదంతా పోస్టేజీ మాదే. ఆదివారాలు పగటి వెలుతురులో, కిటికీ దగ్గర చీర విప్పి వీడియో కాల్‌లో చూపిస్తాను. చేతికొచ్చాక రంగు నచ్చకపోతే, ఫాల్ కుట్టించకముందే వెనక్కి పంపేయండి, డబ్బు పూర్తిగా తిరిగిస్తాను.