నాలుగు మొక్కలు ఇంటికి, మనిషికి కాదు

ఎడిటర్ గారికి నమస్కారం.

కెనడాలో గంజాయి ఇంట్లోనే పెంచుకోవచ్చని ఈమధ్య మీ పేపర్లో చిన్న వార్త వేశారు. అబద్ధమేం కాదు, 2018 అక్టోబర్ 17 నుంచి ఇక్కడ అది చట్టమే. కానీ ఆ నాలుగు లైన్ల కటింగ్ వాట్సాప్‌లో తిరిగి తిరిగి మా ఊరి గ్రూపుకి కూడా వచ్చింది, దాని కింద ఈ ఏడాది ఇక్కడికి చదువుకి రాబోయే పిల్లలు "వెళ్లగానే తలా నాలుగు పెట్టేద్దాం రా" అని రాసుకుంటున్నారు, అది చూశాక ఊరుకోబుద్ధి కాలేదు. మాది నర్సీపట్నం, చాలా ఏళ్లుగా ఒంటారియోలో కిచెనర్‌లో ఉంటున్నాం. నేను మా బేస్‌మెంట్లో రెండు మొక్కలు పెంచుతాను, దాచేదేం లేదు, మా ఆవిడకి తెలుసు, పక్కింటాయనకీ తెలుసు. కాబట్టి ఎవర్నీ వద్దనడానికి రాయట్లేదు, సగం చెప్పి వదిలేస్తే ఇరుక్కునేది మన పిల్లలేనని రాస్తున్నా.

తలా నాలుగు అన్నదే మొదటి తప్పు. చట్టం ఇచ్చింది ఇంటికి నాలుగు. ఒక్కడున్నా నాలుగే, ఒకే యూనిట్లో ఆరుగురు షేరింగ్‌లో ఉన్నా నాలుగే, అదీ ఒంటారియోలో 19 నిండినవాళ్లకే. పోయిన నవంబర్లో మా వీధి చివర ఇంట్లో ఉండే కుర్రాళ్లు, ఖమ్మం వాళ్లు ఇద్దరు, గుంటూరు వాళ్లు ముగ్గురు, "అంకుల్, మీరు గోంగూర బాగా పెంచుతారుగా, మా మొక్కలు కూడా ఒకసారి చూడండి, ఆకులు పసుపెక్కిపోతున్నాయి" అని పిలిచారు. (గోంగూరలో ఒక రకానికి శాస్త్రీయ నామంలోనే కన్నాబినస్ అని ఉంటుంది, ఆకు గంజాయి ఆకులా ఉంటుందనే ఆ పేరు.) సరే అని వెళ్లాను. ఒక్కో గదిలో బట్టలు పెట్టుకునే క్లోజెట్ ఖాళీ చేసి కుండీలు పెట్టారు, మొత్తం పదకొండు. నీళ్లు రోజూ పోసేస్తున్నారు, మట్టి బురదైపోయి ఉంది, వేరు కుళ్లితే ఆకు పసుపెక్కక ఏమవుతుంది. దానికన్నా నన్ను భయపెట్టింది కరెంటు. ఒక ఎక్స్‌టెన్షన్ బాక్స్‌కి ఇంకో ఎక్స్‌టెన్షన్ బాక్స్, దానికి ఇంకోటి, కింద కార్పెట్, పక్కన నీళ్ల బకెట్. ప్లగ్గు మీద చెయ్యి పెడితే కాలింది.

కూర్చోబెట్టి చెప్పాను. ఇక్కడి గంజాయి చట్టంలో లిమిట్ దాటి పెంచితే గరిష్ఠ శిక్ష 14 ఏళ్లు. అంతా వేస్తారని కాదు, ఒకటో రెండో ఎక్కువైతే జరిమానాతో పోవచ్చు కూడా. కానీ ఇమిగ్రేషన్ చట్టం ఆ నేరానికి గరిష్ఠంగా ఎన్నేళ్లు వెయ్యొచ్చో చూస్తుంది, అది 10 ఏళ్లు లేదా ఆపైన ఉంటే తీవ్రమైన నేరం కింద కడుతుంది, కోర్టులో దోషి అని తేలితే స్టడీ పర్మిట్ సంగతి అలా ఉంచండి, పీఆర్, అంటే శాశ్వత నివాస హక్కు, వచ్చినవాడిని కూడా వెనక్కి పంపొచ్చు. వాళ్లకి ఈ ముక్క ఒక్కరూ చెప్పలేదట. లీజు, అదే అద్దె ఒప్పందం, తియ్యమంటే తీశారు, అందులో గంజాయి మొక్కలు పెంచకూడదని స్పష్టంగా రాసి ఉంది, చదవకుండానే సంతకం పెట్టారు. అంటే వాళ్లకి ఆ నాలుగు కూడా కుదరదు, ఆ రాత్రే అన్నీ పీకేశారు. గుంటూరు కుర్రాడొకడు వాళ్ల నాన్న బ్యాంక్ లోన్ గురించి చెప్తూ ఏడ్చేశాడు.

సొంతిల్లు ఉండో, ఓనర్ రాసి ఇచ్చో పెంచుకునేవాళ్లకి అసలు పని అంత కష్టమేం కాదు, ఓపిక కావాలంతే. గింజలు లైసెన్స్ ఉన్న షాపులోనో, ఒంటారియో ప్రభుత్వ సైట్ ఓసీఎస్‌లోనో కొనాలి, వేరే దేశం నుంచి పోస్టులో తెప్పిస్తే నేరం. ఫెమినైజ్డ్ అని ఉన్నవి, అంటే ఆడ మొక్కలే వచ్చేవి, తీసుకుంటే మగ మొక్కల గొడవ ఉండదు, మగది ఒక్కటి పూసినా పుప్పొడి పడి మిగతావన్నీ గింజ కట్టేస్తాయి. మొదటిసారైతే తనంతట తానే పూతకొచ్చే ఆటోఫ్లవర్ రకం మంచిది, గింజ వేసిన దగ్గర్నుంచి రెండున్నర మూడు నెలల్లో అయిపోతుంది, వెలుగు గంటలు మార్చే పని లేదు. మామూలు రకాలకి పెరిగేటప్పుడు 18 గంటలు వెలుగు ఇస్తాం, పూతకి తేవాలంటే 12 గంటలు వెలుగు, 12 గంటలు చిమ్మచీకటి. నాది మొక్కలు పెంచడానికి వాడే, జిప్ ఉండే చిన్న గ్రో టెంట్, లోపల 200 వాట్ల ఎల్ఈడీ, రోజుకి 12 గంటలు వెలిగితే నెలకి 72 యూనిట్లు, నేరుగా గోడ సాకెట్‌కే. కుండీ ఎత్తి చూసి తేలిగ్గా ఉంటేనే నీళ్లు పోస్తా.

నా మొదటి పంట మాత్రం బూజుకి పోయింది. పూత గట్టిగా, బొద్దుగా వచ్చిందని మురిసిపోయాను, కోతకి వారం ఉందనగా ఒక పువ్వులో ఒకే ఒక్క చిన్న ఆకు ఎండి కనిపించింది, పట్టుకుని లాగితే చేతికొచ్చేసింది, పువ్వు విడదీసి చూస్తే లోపల బూడిద రంగు దూదిలా ఉంది, వేలు తగిలితే పొడి లేచింది. పక్కన బట్టల డ్రయర్ ఉంది, దాని తేమంతా ఆ గదిలోనే ఉండిపోయేది. మొత్తం పారేశాను, బూజు పట్టింది ఎవరూ వాడకూడదు. ఇప్పుడు పూత టైమ్‌లో తేమ 50 శాతం దాటకుండా గాలిలో తేమ లాగేసే డీహ్యుమిడిఫైయర్ పెడతా, కోసింది చీకటి గదిలో పది రోజుల పాటు వేలాడదీసి నెమ్మదిగా ఆరబెడతా. ఆరింది తాళం ఉన్న పెట్టెలో. ఇంట్లో చిన్నపిల్లలుంటే తాళం సంగతి అస్సలు మర్చిపోవద్దు, గంజాయి కలిపిన స్వీట్లు తిని పసిపిల్లలు ఆసుపత్రి పాలైన సంఘటనలు ఇక్కడ చాలా ఉన్నాయి. వాసన కూడా చిన్న విషయం కాదు, చలికాలం ఇల్లు వేడిచేసే ఫర్నేస్ గాలి ఇల్లంతా ఒక్కటే, బేస్‌మెంట్ వాసన పైన ఓనర్ పిల్లలు పడుకునే గదిలోకి పోతుంది, అందుకే టెంట్ నుంచి గాలి బయటికి పోయే చోట వాసన పట్టేసే కార్బన్ ఫిల్టర్ పెట్టాలి.

పెంచినా అమ్మకూడదు. ఒక్క పొట్లం ఫ్రెండ్‌కి డబ్బులకిచ్చినా అమ్మకమే. క్యుబెక్‌లో అసలు ఇంట్లో పెంచడమే కుదరదు, 2023లో కెనడా సుప్రీంకోర్టు కూడా ఆ నిషేధం చెల్లుతుందని చెప్పింది, కాబట్టి మాంట్రియల్‌లో చేరే పిల్లలకి మా ఒంటారియో రూల్ పనికిరాదు.

ఇంకొకటి, నాకు అన్నిటికన్నా బాధగా ఉండేది. ఆ ఖమ్మం అబ్బాయిల్లో ఒకడు మిగిలిన గింజల ప్యాకెట్ సంక్రాంతికి ఇంటికి పట్టుకెళ్తానన్నాడు, చూపించడానికట. కెనడా సరిహద్దు దాటించడమే ఇక్కడ నేరం, అమెరికాలో లీగల్ ఉన్న రాష్ట్రానికి వెళ్లినా అంతే. మన దగ్గర 1985 నాటి ఎన్డీపీఎస్, అంటే మాదకద్రవ్యాల చట్టం ప్రకారం ఒక్క మొక్క పెంచినా 10 ఏళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా. మా నర్సీపట్నం దాటితే ఏజెన్సీ. చింతపల్లి, జి.మాడుగుల వైపు కొండల్లో 2021లో ఆపరేషన్ పరివర్తన అని పోలీసులు వేల ఎకరాల గంజాయి తోటలు నరికించారు. కొన్నవాడు, అమ్మించినవాడు ఎక్కడో ఉంటాడు, మూట మోసినందుకు లోపలికి పోయిన గిరిజన కుర్రాళ్ల ఇళ్లు నాకు తెలుసు, వాళ్ల తల్లులు కోర్టు వాయిదాలకి బస్సు ఛార్జీలు అప్పు చేసి వస్తారు. అదే మొక్క నా టెంట్లో లైటు కింద ఉంటుంది, నన్ను ఎవరూ ఏమీ అనరు. ఈ తేడా గుర్తొచ్చినప్పుడల్లా గొంతులో ఏదో అడ్డం పడ్డట్టుంటుంది, అందుకే నాకిచ్చిన లిమిట్‌ని నేను తేలిగ్గా తీసుకోను, మన పిల్లలు తేలిగ్గా తీసుకున్నా నాకు నచ్చదు.

ఇక్కడి తెలుగు సంఘాలకి కూడా ఇదే చెప్తున్నా, కొత్తగా వచ్చినవాళ్లకి బ్యాంక్ ఖాతా, సిమ్ కార్డు గురించి గంట చెప్తారు, గంజాయి మాటెత్తితే మాత్రం పరువు పోతుందని అందరూ తల దించుకుంటారు, పిల్లలు యూట్యూబ్ చూసి నేర్చుకుంటారు, అందులో పర్మిట్ గురించి ఉండదు. మీరు మీ చదువుల పేజీలో ఒక పావు పేజీ ఇవ్వండి చాలు: ఇంటికి నాలుగు, లీజు చదువుకో, అమ్మొద్దు, సరిహద్దు దాటించొద్దు. సెప్టెంబర్ ఇన్‌టేక్ పిల్లలు ఆగస్టు రెండో వారం నుంచి ఫ్లైట్లు ఎక్కుతారు, ఆలోపు వేస్తే వాళ్ల అమ్మానాన్నలు కూడా చదువుతారు.

ఇట్లు,
మీ పాఠకుడు,
కిచెనర్, ఒంటారియో