పసివాళ్ల ఏడుపుకు స్పందించాలి

సంపాదకులకు నమస్కారం.

మెదడు ఎదుగుదలలో అధికభాగం తొలి ఐదేళ్లలోనే జరిగిపోతుందన్న మాట ఇప్పుడు తల్లిదండ్రులందరి చెవినా పడుతోంది. మాట నిజమే కానీ, దాన్ని అడ్డుపెట్టుకుని రెండేళ్లు నిండని పిల్లలకు అక్షరాలూ అంకెలూ నేర్పే యాప్‌లు అమ్మడమంటే పరిశోధనలు చెప్పినదాన్ని తలకిందులు చేయడమే.

పసితనంలో నాడీకణాల మధ్య సంధులు అవసరానికి మించి ఏర్పడతాయి. అనుభవంలో వాడుకకు వచ్చినవి బలపడి, రానివి క్రమంగా తొలగిపోతాయి. 2003లో అమెరికా పరిశోధకురాలు పాట్రీషియా కూల్ బృందం ప్రచురించిన ప్రయోగంలో, తొమ్మిది నెలల అమెరికన్ శిశువులు చైనా భాష మాండరిన్ ధ్వనుల తేడాలను ఎదుట కూర్చుని ఆడించిన మనిషి నుంచి పట్టుకోగలిగారు. అవే మాటలను తెరమీద చూసి విన్నవారు మాత్రం పట్టుకోలేకపోయారు.

రుమేనియా అనాథాశ్రమాల ఉదంతం ఇంతకన్నా బరువైనది. అక్కడ పిల్లలకు తిండీ గూడూ ఉన్నా, ఏడిస్తే ఎత్తుకునే మనిషి కరువు. ఆ దేశ రాజధాని బుఖారెస్ట్‌లో 2000లో మొదలైన అధ్యయనంలో ఆశ్రమాల్లోని 136 మంది పిల్లల్లో సగం మందిని చీటీ తీసినట్టు ఎంపికచేసి పెంపుడు కుటుంబాలకు అప్పగించగా, రెండేళ్ల వయసులోపు వెళ్లినవారు తెలివితేటల్లోనూ మనుషులతో అనుబంధంలోనూ ఎక్కువగా కోలుకున్నారు. (తక్కిన సగం మంది సంగతేమిటన్న సందేహం రాక మానదు, అప్పటికి అక్కడ పెంపుడు కుటుంబాల ఏర్పాటే దాదాపు లేదు గనుక వారు ఎప్పటి సంరక్షణలోనే కొనసాగారు.) ఆలస్యంగా వెళ్లినవారికీ కొంత మేలు జరిగింది గనుక, మూడేళ్లు దాటితే ఇక ఏమీ చేయలేమన్న బెదిరింపూ సరికాదు.

దీర్ఘకాలం భయంలో పెరిగిన పిల్లల మెదడు ప్రమాదాన్ని పసిగట్టడంలోనే ఆరితేరుతుంది. అలాంటి బిడ్డ బడిలో నిలకడగా కూర్చోలేకపోయినా, చిన్న మాటకే తోటివారిపై చెయ్యెత్తినా, దాన్ని మొండితనంగా భావించి కొట్టడం పాత భయానికి మరింత బలమివ్వడమే అవుతుంది.

బిడ్డ ఏడుపుకు స్పందించాలంటే సాకేవారికి ఓపిక ఉండాలి. ప్రసవానంతర కుంగుబాటుతో బిడ్డను చూసి నవ్వడమే కష్టమైన తల్లికి చికిత్స, నిద్ర, ఇంటిపనిలో తోడు అందించడం బిడ్డ ఎదుగుదలకు చేసే సాయమే. కాబట్టి శిశు వికాసంపై వ్యాసాలు ప్రచురించేటప్పుడు, ఏ వయసులో ఏం నేర్పాలన్న పట్టికలు తగ్గించి, తల్లుల మానసిక ఆరోగ్యం గురించి వైద్యుల చేత రాయించవలసిందిగా కోరుతున్నాను.

– ఒక పాఠకురాలు