వానలెక్కల వార్షిక నివేదిక, 2024-25

సభ్యులందరికీ నమస్కారం. ఊళ్లో పడే వానను రోజూ కొలిచి రాసుకోవడానికే మన సంఘం పెట్టుకున్నామని మీకు తెలుసు కాబట్టి నేరుగా పనిలోకి వస్తాను.

ముందు ధన్యవాదాలు. వానమాపకం పెట్టడానికి చెట్టూ గోడా అడ్డురాని ఖాళీ స్థలం ఇచ్చిన రామమందిరం పెద్దలకు, మేకలు రాకుండా కంచె కట్టిన వడ్రంగికి, చార్టు ఒడియాలో కూడా రాసిపెట్టిన టీచరమ్మకు, నేను మన ఒడిశా పర్లాకిమిడిలో లేని రోజుల్లో గొణుక్కుంటూనే గ్లాసు పట్టుకుని నీళ్లు కొలిచిన మా ఇంటావిడకు.

ఈ ఏడాది మనం గట్టిగా చెప్పుకోదగ్గది మృగశిర కార్తె నాటి గోడచిత్రం. ఒకవైపు కార్తెలు, ఇంకోవైపు జూన్ నుంచి సెప్టెంబరు దాకా నెలలు. వాన సాధారణానికి 19 శాతం లోపు అటూ ఇటూ ఉంటే ఆకుపచ్చ, 20 నుంచి 59 శాతం ఎక్కువైతే నీలం, అంతే తక్కువైతే ఎరుపు. రంగులు పిల్లలే వేశారు. సాధారణం అంటే 1971 నుంచి 2020 దాకా యాభై ఏళ్ల సగటు అని చెబితే, ఒక పెద్దాయన "ఆ సగటు వాన ఏ ఏడాదైనా కురిసిందా బాబూ?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. మంచు కురిస్తే ఎలా కొలుస్తారని ఒక పిల్ల అడిగింది. కరిగించి నీళ్లుగానే కొలుస్తారని చెప్పాను. పర్లాకిమిడిలో ఆ టెన్షన్ లేదు.

ఇక చెప్పక తప్పనిది. కొలత పొద్దున్న 8:30కే తీయాలి, వాన ఉన్నా లేకపోయినా. పెళ్లిళ్ల రోజుల్లో కొందరు కొలవడానికి రాలేదు, సరే. వారం తర్వాత వచ్చి ఆ గడులన్నిట్లో సున్నా వేసేశారు! సున్నా అంటే వాన పడలేదని. కొలవకపోతే గడి ఖాళీగా వదలాలి. ఏ సున్నా నిజమో తేలలేదు, అందుకే ఈసారి లోటో అధికమో శాతం ప్రకటించడం లేదు. పాత లెక్కల కోసం ఒక ఆఫీసుకు మూడు ఉత్తరాలు రాశాం. జవాబు రాలేదు.

2018లో తిత్లీ తుపాను వచ్చింది అక్టోబరు 11న. అంటే ఆ వాన జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఉండే నైరుతి రుతుపవనాల లెక్కలోకే రాదు. అందుకే ఇకపై డిసెంబరు దాకా కొలవాలని కమిటీ తీర్మానించింది.

జమాఖర్చులు కోశాధికారి గారు చదువుతారు. కొలత గ్లాసు ఒకటి పగిలింది, కొత్తది కొన్నాం.

డ్యూటీ చార్టులో ఆదివారం గడి ఇంకా ఖాళీగానే ఉంది. పేరు ఇవ్వదలచినవారు ఈ సమావేశం ముగిసేలోగా చెప్పండి.

— కార్యదర్శి