చాక్లెట్ ఊరి ఎలుగుబంట్లు

సంపాదకులకు నమస్కారం.

మీ క్రీడల పుటలో ఐస్ హాకీ ఎప్పుడైనా కనబడితే అది ఉత్తర అమెరికాలోని అగ్రశ్రేణి లీగ్ ఎన్‌హెచ్‌ఎల్ గురించే. దాని కింది మెట్టయిన అమెరికన్ హాకీ లీగ్‌లో 1938 నుంచి విడవకుండా ఆడుతున్న హెర్షీ బేర్స్ కథ కూడా ఒకసారి వేయండి. పెన్సిల్వేనియాలో చాక్లెట్ కర్మాగారం చుట్టూ వెలసిన ఊరు హెర్షీ. జట్టు పేరు మొదట్లో 'బార్స్', సాక్షాత్తూ చాక్లెట్ బార్లే! మరీ వ్యాపార ప్రకటనలా ఉందన్న విమర్శతో 1936లో అది 'బేర్స్', అంటే ఎలుగుబంట్లు అయింది. ఆ ఏడాదే హెర్షీలో తెరిచిన, బేర్స్ ఆడిన అరీనాలో 1962లో విల్ట్ చాంబర్లేన్ ఒకే బాస్కెట్‌బాల్ మ్యాచ్‌లో 100 పాయింట్లు సాధించాడు. ఆ రికార్డు చెప్పేవారు ఆ అరీనా ఏ జట్టుకు ఇల్లో చెప్పరు. 2024లో జట్టు గెలిచినది పదమూడో కాల్డర్ కప్పు, అంటే అమెరికన్ హాకీ లీగ్ విజేతకిచ్చే ట్రోఫీ. ఆ లీగ్‌లో మరే జట్టుకూ అన్ని లేవు.

ఏటా ఒక మ్యాచ్‌లో సొంత జట్టు తొలి గోలు కొట్టగానే ప్రేక్షకులు బొమ్మ ఎలుగుబంట్లను మంచు మీదికి విసురుతారు, దానం కోసం. 2025 జనవరిలో అవి లక్ష దాటాయి. ఏరినవారి నడుములు ఏమయ్యాయో పాపం!

పై లీగ్‌కు ఆటగాళ్లను తయారుచేసే జట్టని ఒక్క ముక్కలో తేల్చేయవద్దని మనవి.

– ఒక పాఠకుడు, విజయవాడ