పిల్లల పరిచర్యకు తోడ్పడిన వారందరికీ కృతజ్ఞతలు

ప్రభువునందు ప్రియమైన సంఘ పెద్దలకు, సహోదరీ సహోదరులకు వందనాలు. విదేశంలోని ఒక పేద పల్లెలో పసిపిల్లల మధ్య పదిహేను రోజులు పరిచర్య చేసి, మా బృందంలోని తొమ్మిది మందిమీ క్షేమంగా తిరిగి వచ్చాం. మీలో కొందరు కానుకలిచ్చారు, కొందరు మేము వచ్చేవరకు ప్రతి శుక్రవారం ఉపవాసముండి ప్రార్థించారు. కుడిచేయి ఇచ్చింది ఎడమచేతికి తెలియనక్కరలేదని, తమ పేర్లు ఎక్కడా రాయవద్దని కోరినవారూ ఉన్నారు కనుక ఇక్కడ ఎవరి పేరూ రాయడం లేదు.

ప్రయాణానికి ముందు నాలుగు శనివారాలు మాకు శిక్షణ ఇచ్చిన పిల్లల వైద్యురాలికి మేము ఎంతో రుణపడి ఉన్నాం. మేము ఆటబొమ్మల జాబితా పట్టుకుని వెళితే, ఆమె మా చేతిలో మూడు రంగుల కొలత పట్టీ పెట్టారు. ఆరు నెలలు నిండి ఐదేళ్లు దాటని బిడ్డ ఎడమచేతికి, భుజానికీ మోచేతికీ నడిమధ్య ఆ పట్టీ చుట్టి చూడాలి. చుట్టుకొలత 115 మిల్లీమీటర్ల కంటే తక్కువైతే ఎరుపు, 115 నుంచి 125 లోపు పసుపు, ఆపైన ఆకుపచ్చ. ఎరుపు వచ్చిందంటే అది తీవ్రమైన పోషకాహార లోపం. పట్టీ ఆకుపచ్చ చూపించినా, రెండు పాదాలనూ బొటనవేలితో మూడు సెకన్లు నొక్కినప్పుడు గుంట పడి నిలిచిపోతే ఆ బిడ్డను వెంటనే వైద్యానికి పంపాలని ఆమె మాచేత మళ్లీ మళ్లీ చెప్పించారు. వాపు నీరు బరువును ఉన్నదానికంటే ఎక్కువ చూపించి మనలను ఏమారుస్తుంది. అక్కడ బొద్దుగా కనిపించిన ఒక పాపను మేము పంపించివేయబోయి, ఈ మాట గుర్తొచ్చి ఆగాం. ఆ ఒక్క క్షణానికే ఆమెకు ఎన్ని వందనాలు చెప్పినా చాలవు.

మా తప్పు కూడా ఒకటి చెప్పుకోవాలి. మొదటి రోజు సాయంత్రం సంచి విప్పి మిఠాయిలు పంచబోతే పిల్లలు ఒక్కసారిగా మీదపడ్డారు. తోపులాటలో చిన్నవాడొకడు కిందపడి మోకాలు కొట్టుకుపోయింది. అక్కడి సంఘ కాపరి పదిమందిలో మమ్మల్ని ఒక్క మాట అనకుండా, రాత్రి ప్రార్థన అయ్యాక పక్కన కూర్చుని, ఏది ఇవ్వదలచినా తల్లుల చేతికి ఇవ్వమని మెల్లగా చెప్పారు. బిడ్డ ముందు తల్లి చేయి ఖాళీగా, పరాయివారి చేయి నిండుగా కనిపించకూడదన్న ఆయన మాట మిగిలిన రోజులన్నీ మమ్మల్ని నడిపించింది. మాకు దుబాసిగా ఉన్న సహోదరి కూడా అంతే. బిడ్డకు ఏమి పెడుతున్నారని మేము అడిగే ప్రశ్న నేరారోపణలా వినబడకుండా, ముందు కుశలం అడిగి, ఆ తరువాతే మా మాట అందించేవారు.

ఎరుపు వచ్చిన పిల్లలలో ఇతర జబ్బులేవీ లేక, ఆకలి బాగా ఉన్నవారికి దగ్గరలోని ఆరోగ్య కేంద్రం చికిత్సాహార ప్యాకెట్లు ఇచ్చి ఇంటికి పంపుతుంది. వేరుశెనగ ముద్ద, పాలపొడి, నూనె, చక్కెర, విటమిన్లు, ఖనిజాలు కలిపిన ఆ 92 గ్రాముల ప్యాకెట్‌లో సుమారు 500 కిలోక్యాలరీల శక్తి ఉంటుంది. వండనక్కరలేదు, నీరు కలపనక్కరలేదు. నీటి మీద నమ్మకం లేని చోట అది చిన్న మేలు కాదు. అయితే బిడ్డ కోలుకోవడానికి సాధారణంగా ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది, మేము ఉన్నదేమో రెండు వారాలు. మేము తూచిన ఏ బిడ్డా పూర్తిగా కోలుకోవడం మేము చూడలేదు. అది చూసేది ఆ సంఘంలోని స్త్రీలు. వారు ప్రతి వారం ఇల్లిల్లూ తిరిగి, రాని తల్లిని వెతికి పట్టుకుని, మళ్లీ తూకానికి తీసుకొస్తారు. మీరు మాకు చెబుతున్న అభినందనలలో అధిక భాగం న్యాయంగా వారికి చెందుతుంది.

పిల్లల ఫోటోలు ఎందుకు పెట్టలేదని అడిగినవారికి ఒక మనవి. రోగంతో ఉన్న బిడ్డను ప్రపంచానికి చూపించడానికి ఆ తల్లిదండ్రులను అనుమతి అడిగితే, మొహమాటంతోనైనా సరేనంటారు. అందుకే అడగలేదు.

కానుకలలో ఖర్చులు పోగా మిగిలిన సొమ్మును, కొలత పట్టీలతో సహా, అక్కడి స్త్రీల బృందానికే అప్పగించాం. రసీదులు సంఘ కోశాధికారి దగ్గర ఉన్నాయి, ఎవరైనా చూడవచ్చు.