కేవర్న్‌ని ఎందుకు కూల్చారో కూడా ఫలకం మీద రాయండి

బ్రిటన్ సాంస్కృతిక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం. నేను పదకొండేళ్లుగా లివర్‌పూల్‌లో ఉంటున్న తెనాలి వాణ్ని. ఈ ఉత్తరం ఇంగ్లీషులో కూడా రాసి మీ ఆఫీసుకి పోస్టు చేశాను. తెలుగులో ఎందుకంటే, ఈ ఫలకం గొడవ మొదలుపెట్టింది మా నాన్న. ఆయన చదవాలి.

పోయిన వేసవిలో అమ్మా నాన్నా వచ్చినప్పుడు, ఈ ఊరి పాటల బృందం బీటిల్స్ మొదట్లో పాడిన కేవర్న్ క్లబ్బు చూపిద్దామని మాథ్యూ స్ట్రీట్‌కి తీసుకెళ్లాను. నాన్నకి బీటిల్స్ గురించి పెద్దగా తెలియదు. 1968లో రిషికేశ్‌లో మహేశ్ యోగి ఆశ్రమానికి వచ్చిన జుట్టు కుర్రాళ్లని పేపర్లో ఫొటో చూసిన గుర్తు, అంతే. ఆ క్లబ్బు నేల కింద ఉంటుంది. నాన్నకి మోకాళ్ల నొప్పులు, అందుకని ఒక్కో మెట్టూ లెక్కపెడుతూ దిగారు. ముప్పై. కింద ఇటుక కమాన్లు, చిన్న వేదిక, గిటారు పట్టుకుని పాడుతున్న ఒకాయన. నాన్న కమాను మీద చెయ్యి పెట్టి, "వాళ్లు పాడింది ఇక్కడేనా?" అన్నారు.

"దాదాపు ఇక్కడే."

"దాదాపు ఏమిట్రా? పాడితే ఇక్కడ పాడాలి, లేకపోతే లేదు."

ఆ "దాదాపు" గురించే ఈ ఉత్తరం.

కేవర్న్ 1957 జనవరి 16న పళ్ల గిడ్డంగి కింద నేలమాళిగలో తెరిచిన జాజ్ క్లబ్బు. యుద్ధం రోజుల్లో జనం బాంబుల నుంచి తలదాచుకున్న చోటు అది. గాలి ఆడదు, గోడల మీద చెమట కారుతుంది, కుళ్లిన పళ్ల వాసనా ఫినాయిల్ వాసనా కలిసి కొడతాయి. మందు అమ్మేవాళ్లు కాదు, కాఫీ, సూప్ దొరికేవి. చుట్టుపక్కల ఆఫీసుల్లో పనిచేసే అమ్మాయిలూ అబ్బాయిలూ మధ్యాహ్నం లంచ్ టైములో దిగి పాటలు విని మళ్లీ టైపు మిషన్ల ముందుకి వెళ్లిపోయేవాళ్లు. బీటిల్స్ అక్కడ మొదట పాడింది కూడా అలాంటి లంచ్ షోలోనే, 1961 ఫిబ్రవరి 9న. అందరికీ కలిపి ఐదు పౌండ్లిచ్చారు. ఆ నవంబరులో దగ్గర్లోనే రికార్డుల షాపు నడిపే బ్రయన్ ఎప్‌స్టీన్ దిగివచ్చి చూశాడు, తర్వాత వాళ్ల మేనేజరయ్యాడు. 1963 ఆగస్టు 3న చివరిసారి పాడారు. క్లబ్బు లెక్క ప్రకారం మొత్తం 292 సార్లు. అప్పటికి ఆ మెట్ల దగ్గర పట్టే జనం కాదు వాళ్లకోసం వచ్చేది.

వాళ్లు దిగిన మెట్లు పద్దెనిమిది. మేం దిగినవి ముప్పై. తేడా ఎక్కడ వచ్చిందంటే, 1973లో. భూగర్భ రైలు మార్గానికి గాలి షాఫ్టు, అంటే లోపలికి గాలి ఆడే నిలువు గొయ్యి, కట్టాలని రైల్వే వాళ్లు ఆ స్థలం తీసుకున్నారు. క్లబ్బు మూయించారు. పైన గిడ్డంగి కూల్చి, ఆ చెత్తతోనే నేలమాళిగ పూడ్చారు. తీరా చూస్తే ఆ షాఫ్టు అక్కడ కట్టనే లేదు. కొన్నేళ్లపాటు అక్కడ కార్లు పెట్టుకున్నారు! 1980లలో తవ్వి చూస్తే పాత కమాన్లు మళ్లీ వాడుకోలేనంత దెబ్బతిని ఉన్నాయి. సుమారు 15,000 పాత ఇటుకలు ఏరి, పాత స్థలంలో ముప్పావు వంతు కలిసేలా కొత్త క్లబ్బు కట్టి 1984లో తెరిచారు. మిగిలిన ఇటుకల్లో కొన్నిటికి ఇత్తడి ఫలకాలు అతికించి ధర్మకార్యం కోసం అమ్మారు. అంటే గదికంటే ముందు దాని ఇటుకలకి ఫలకాలు దక్కాయి.

క్లబ్బు వాళ్లని నేను తప్పుపట్టడం లేదు. ఈ కథ వాళ్లు దాచలేదు, అడిగితే చెబుతారు. కానీ అడిగేదెవరు? వీధంతా విగ్రహాలు, గోడ నిండా పేర్లు, ఫొటోలు దిగేవాళ్లు. ఈ ఊళ్లో ఉంటూ నాకే రెండేళ్లదాకా తెలియలేదు.

మా వైపు శిలాఫలకం అంటే పని మొదలవకముందే పెట్టేది. పైన మంత్రిగారి పేరు పెద్దక్షరాల్లో, కింద ఎమ్మెల్యే, ఆ కింద సర్పంచి. వంతెన రాకపోయినా రాయి మిగులుతుంది, తిట్టుకోవడానికి ఒక పేరూ తేదీ ఉంటాయి. మీ పద్ధతి తిరగేసినట్టుంది. అంతా అయిపోయాక పెడతారు. పాడినవాళ్ల పేర్లుంటాయి గానీ పడగొట్టినవాళ్ల పేర్లుండవు.

పేరున్నవాళ్లు ఉన్న ఇళ్లకి పెట్టే మీ నీలి ఫలకాల చరిత్ర చూసినా అంతే. లండన్‌లో 1867లో మొట్టమొదటి ఫలకం పెట్టింది కవి బైరన్ పుట్టిన ఇంటికి. 1889లో ఆ ఇంటిని కూల్చినప్పుడు ఫలకమూ పోయింది. ఫలకానికి చట్టపరంగా ఏ బలమూ లేదని అప్పుడే తేలింది, ఇప్పటికీ లేదు. ఈ మధ్య పాత కట్టడాల బాగోగులు చూసే హిస్టారిక్ ఇంగ్లండ్ సంస్థ ద్వారా ఫలకాలు లండన్ బయటికీ వచ్చాయి. 2024లో లివర్‌పూల్‌లో ఆర్నాల్డ్ గ్రోవ్ వీధి 12వ నంబరు ఇంటికి పెట్టారు, బీటిల్స్‌లో ఒకడైన జార్జ్ హారిసన్ పుట్టిన ఇల్లు. బయట మరుగుదొడ్డితో పైన రెండు, కింద రెండు గదుల కొంప. బాగుంది, సంతోషించాను. అయితే మీ నియమం ప్రకారం ఆ మనిషి పోయి ఇరవై ఏళ్లయి ఉండాలి, కట్టడం నిలబడి ఉండాలి. నిలబడనివ్వని కట్టడాలకి మీ పుస్తకంలో చోటే లేదు. మాంచెస్టర్‌లో హసియెండా అనే క్లబ్బు సంగతీ అంతే. ద స్మిత్స్ అనే రాక్ బృందం తొలినాళ్లలో, 1983లో, పాడిన ఆ క్లబ్బుని 2002లో కూల్చి అపార్ట్‌మెంట్లు కట్టి, వాటికి హసియెండా అనే పేరు పెట్టారు. చంపినవాడే పేరు పెట్టుకున్నట్టు.

నిలబడ్డ చోటు ఎలా ఉంటుందో చూడాలంటే లివర్‌పూల్‌లోనే వెస్ట్ డెర్బీ పేటలో హేమన్స్ గ్రీన్‌కి రండి. మోనా బెస్ట్ అనే ఆవిడ తన ఇంటి నేలమాళిగలో 1959 ఆగస్టు 29న కాస్బా కాఫీ క్లబ్ తెరిచింది. డెర్బీ గుర్రప్పందెంలో గెలిచిన డబ్బుతో ఆ ఇల్లు కొన్నదని చెబుతారు. తెరిచిన రోజు పాడింది క్వారీమెన్, అంటే బీటిల్స్ అన్న పేరు రాకముందు వాళ్లే. తెరవకముందు రంగులు వేసింది కూడా వాళ్లే. వాళ్లలో పాల్ మెకార్ట్‌నీ వేసిన రంగుల చారల కప్పు ఇంకా అక్కడే ఉంది. నాన్న మెడ వెనక్కి వంచి చాలాసేపు చూశారు. తల తగిలేంత కిందుగా ఉంటుంది. ఒక చోట చార వంకరగా పోయింది చూపించి, "వీడు రంగు పనికి పనికిరాడు" అన్నారు. కేవర్న్‌లో ఆయన నోట ఇలాంటి మాట ఒక్కటీ రాలేదు. 2006లో ఆ ఇంటికి గ్రేడ్ టూ అనే చట్టపరమైన రక్షణ ఇచ్చారు. ఆ కప్పుని కాపాడేది ఆ కాగితం.

నేనడిగేది పెద్ద ఖర్చు పని కాదు. కూలిన చోట్లకి వేరే రకం ఫలకం పెట్టండి, నీలం కాకపోతే బూడిదరంగులో. ఎవరు పాడారో రాసినంత స్పష్టంగా ఎప్పుడు కూల్చారో, ఎందుకోసం అన్నారో, ఆ పని జరిగిందో లేదో రాయండి. అది చదివినవాళ్లు రేపు ఇంకో చిన్న క్లబ్బు కూల్చే ఫైలు మీద సంతకం పెట్టేముందు కాస్త టెన్షన్ పడాలి. చిన్న పాటల వేదికల కోసం పనిచేసే మ్యూజిక్ వెన్యూ ట్రస్ట్ లెక్కల్లో 2023 ఒక్క ఏడాదిలో 125 చిన్న వేదికలు పోయాయి. వాటిలో ఎవరు మొదటిసారి మైకు పట్టుకున్నారో మనకి ఇంకో ఇరవై ఏళ్లకి గానీ తెలియదు. లివర్‌పూల్ 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితా నుంచి పేరు పోగొట్టుకున్న ఊరు. ఇలాంటి ఫలకం ఇక్కడ మొదలుపెడితే తప్పులేదు.

పని తేలిక చేద్దామని మాథ్యూ స్ట్రీట్ ఫలకానికి మాటలు కూడా నేనే రాశాను:

"ఈ నేల కింద 1957లో కేవర్న్ క్లబ్ తెరిచారు. 1961 నుంచి 1963 వరకు బీటిల్స్ ఇక్కడ పాడారు. రైలు మార్గానికి గాలి షాఫ్టు కోసమని 1973లో దీన్ని మూయించి పూడ్చారు. షాఫ్టు కట్టలేదు. ఇప్పుడున్న క్లబ్బు 1984లో కట్టింది."

మాటలు మీ ఇష్టం వచ్చినట్టు మార్చుకోండి. "షాఫ్టు కట్టలేదు" అన్నది మాత్రం తీసెయ్యకండి. ఫోన్లో చదివి వినిపిస్తే, దాన్ని కొంచెం పెద్దక్షరాల్లో పెట్టించమన్నారు నాన్న.

ఇట్లు,
లివర్‌పూల్‌లో ఉంటున్న ఒక తెనాలి వాడు